పెరటి నేస్తాలు: బుజ్జికుక్క మలం తింటుంటే ఏమి చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో కోనసీమ నుండి ఒక సహోదరి వ్రాసినది ఒకటి ఉంది. ఇటువంటి సంగతి పత్రికకు వ్రాయవచ్చో లేదోనని మొహమాటపడుతూనే నాలుగు పేజీలు వ్రాశారు. వారింట ఏడు నెలల తెల్ల బొచ్చుకుక్క ఉంది. రెండు నెలల పిల్లగా కొని తెచ్చారట. చూడముచ్చటైన జీవి. అయితే అది తన మలాన్ని తానే తింటోంది. కట్టు విప్పితే మేకల కొట్టం దగ్గరకు పరుగెత్తి పెంటికలు ఏరుకుంటుంది, కోళ్ళ గూటి క్రింద రెట్ట నాకుతుంది. వారానికి రెండు మూడుసార్లు విరేచనాలు. తెల్లవారుజామున గడ్డి కొరికి పసుపుపచ్చని నురగ కక్కుతుంది. పొట్ట గుడగుడలాడటం ప్రక్క గదిలోకి వినబడుతుందట.

అత్తగారు, "అది ఇంట్లో తిరుగుతుంటే నేను ఈ ఇంట అన్నం ముట్టను" అన్నారు. భర్త దాన్ని కాలువ అవతల వదిలి వస్తానన్నారు. ఎనిమిదేళ్ళ కొడుకు ఆ మాట విని రెండు పూటలు అన్నం మానేశాడు. "దీనికి మందు ఉన్నదా అండీ, లేక వదిలివేయడమే మేలా?" అని ఆమె అడిగారు.

ముందు ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. వదిలివేయవద్దమ్మా. చేతి ముద్ద తిని పెరిగిన నాలుగైదు కిలోల కుక్క, ఊరకుక్కల మధ్య ఎన్నో రోజులు నిలువదు. ఆకలితో చావడమో, కరిపించుకొని చావడమో, లారీ క్రింద పడటమో జరుగుతుంది. పైగా పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అత్తగారి మాట కూడా కొట్టివేయదగినది కాదు. ఆమె అసహ్యంలో సగం న్యాయం ఉంది. అది ఏమిటో క్రింద చెబుతాను. అయితే మీరు వ్రాసిన లక్షణాలన్నీ చూస్తే, ఇది సరిచేయగలిగిన చిక్కుగానే కనబడుతోంది.

ఇది పాడుబుద్ధి కాదు

మనకు రోత పుట్టించేది కుక్కకు రోత కాదు. ఈనిన తల్లికుక్కను గమనించినవారికి ఇది తెలుసు. మొదటి మూడు వారాలు అది పిల్లల వెనుక భాగాన్ని నాకి, అవి విసర్జించినదంతా తానే తినివేస్తుంది. అలా చేయకపోతే పడక అంతా పాడై, పిల్లలకు రోగాలు వస్తాయి. ఆ వయసులో పిల్లలకు తల్లి నాకితేనే గాని మలమూత్రాలు సరిగా రావు. కొద్దిగా పెరిగిన పిల్లలు నోటితోనే లోకాన్ని పరిశీలిస్తాయి గనుక చెప్పులు, చీపురుపుల్లలు, పేడ, మలం అన్నీ ఒకసారి నోట పెట్టి చూస్తాయి. చాలా పిల్లలు ఏడాది నిండేలోగా మానివేస్తాయి. కొన్ని మానవు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని పశువైద్య పరిశోధకులు ఈ సంగతిని శ్రద్ధగా పరిశీలించి 2018లో ప్రకటించారు. వేలాదిమంది కుక్కల యజమానులను అడిగి చూడగా, నూటికి 16 కుక్కలు కనీసం ఆరుసార్లు మలం తింటూ వారి కంటబడ్డాయి. అవి ఎక్కువగా తిన్నది రెండు రోజుల లోపు తాజా మలమే. తిండి విషయంలో ఆత్రం ఎక్కువగా ఉన్న కుక్కలలో ఈ అలవాటు ఎక్కువ. దీనికి ఆ పరిశోధకులు ఒక ఊహ చెప్పారు. కుక్కల పూర్వీకులైన తోడేళ్ళు గుహ దగ్గర పడిన మలాన్ని అందులోని పురుగుల గుడ్లు అంటుకొనే స్థితికి రాకమునుపే, అంటే రెండు రోజులలోపే తినివేసి తమ చోటును శుభ్రంగా ఉంచుకొనేవట. ఆ స్వభావం కొన్ని కుక్కలలో మిగిలి ఉండవచ్చునని వారి అభిప్రాయం. ఊహ ఊహే గాని, నాకు ఇది సబబుగానే తోచింది.

కాబట్టి కుక్క ఆరోగ్యంగా, చురుకుగా ఉండి, మలం గట్టిగా వస్తూ, అప్పుడప్పుడు ఈ పని చేస్తే అది అలవాటు. కానీ మీ కుక్క సంగతి వేరు. విరేచనాలు, కక్కు, గుడగుడ కలిసి ఉన్నాయి. పొట్టలో జబ్బు ఉన్న కుక్కకు అలవాటు మాన్పించబోతే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్లే. ముందు పొట్ట చూడాలి.

నట్టలు, ఆకలి, అజీర్తి

మన ప్రాంతంలో కుక్కపిల్ల పొట్ట చెడితే మొదట అనుమానించవలసినది నట్టలను. గేదెలకు, మేకలకు క్రమంగా నట్టల మందు పోయించే ఇళ్ళలో కూడా కుక్క సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏలికపాములు పిల్లకు తల్లి కడుపులో ఉండగానే సంక్రమిస్తాయి, తల్లిపాలలో కూడా వస్తాయి. కొంకి పురుగులు పాలలోను, తడి నేల మీద నడిచినప్పుడు చర్మం గుండా కూడా చేరుతాయి. ఇవి పేగుకు కరుచుకొని రక్తం పీలుస్తాయి. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబిరంగుకు బదులు సున్నం కొట్టినట్లు పాలిపోయి ఉంటే ఆ రోజే డాక్టరుగారి దగ్గరకు వెళ్ళవలసినదే. మలద్వారం దగ్గర బియ్యపుగింజల్లాంటివి అంటుకొని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. ఒక రకం బద్దెపురుగు, బొచ్చులో గెంతే చిన్న గోధుమరంగు పురుగులను కుక్క కొరికి మింగినప్పుడు వస్తుంది. ఆ పురుగులను పోగొట్టకుండా మాత్రలు మాత్రమే వేస్తే నెల తిరిగేసరికి మళ్ళీ వస్తుంది.

పిల్లలకు రెండు వారాల వయసు నుండి ఎనిమిది వారాల వరకు రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి, ఆ పైన మూడు నెలలకొకసారి నట్టల మందు వేయించడం మంచి పద్ధతి. మందుల షాపులలో మూడు మందులు కలిసిన మాత్ర దొరుకుతుంది. అది సాధారణంగా 10 కిలోల బరువుకు ఒకటి. మీ కుక్కకు సగమో, అంతకన్నా తక్కువో అవుతుంది. అందాజుగా విరిచి వేయవద్దు, బరువు చూడండి. చిన్న కుక్క బరువు చూడటం తేలిక. దాన్ని ఎత్తుకొని తూకం మీద నిలబడి ఒకసారి, దింపి ఒకసారి చూసి తీసివేస్తే సరి. మేకల కోసం తెచ్చిన మందు సీసాలోంచి రెండు చుక్కలు పోయడం మాత్రం ఎంతమాత్రం పనికిరాదు.

రెండవది ఆకలి. "పొద్దున్నే పాలన్నం రెండు పిడికిళ్ళు, రాత్రికి మేము తిన్నాక మిగిలినది" అని మీరు వ్రాశారు. ఇది చదివినప్పుడే సగం కారణం దొరికిందనిపించింది. ఎదిగిన 5 కిలోల కుక్కకు రోజుకు సుమారు 350 కేలరీలు కావాలి. ఎదిగే పిల్లకు కిలో బరువుకు లెక్క వేస్తే ఇంకా ఎక్కువ కావాలి. వండిన అన్నం 100 గ్రాములలో 130 కేలరీలు మాత్రమే ఉంటాయి. అందులో మాంసకృత్తులు బహు స్వల్పం. అంటే ఈ పిల్ల రోజులో ఎక్కువ భాగం ఆకలితోనే ఉంటోంది. తెల్లవారుజామున పసుపు నురగ కక్కడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. పొట్ట చాలా గంటలు ఖాళీగా ఉంటే పైత్యరసం పైకి తన్నుతుంది. చిన్న కుక్కలలో ఇది తరచుగా కనబడుతుంది. పడుకొనే ముందు ఒక చిన్న ముద్ద పెట్టి చూడండి. కొన్ని కుక్కలలో ఈ ఒక్క మార్పుతోనే కక్కు ఆగుతుంది.

ఇక పాలు. కుక్కపిల్లకు పాలు పోయడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. తల్లిపాలు విడిచిన తరువాత చాలా కుక్కలకు పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి తగ్గిపోతుంది. చిక్కటి గేదెపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. వారం రోజులు పాలు పూర్తిగా మాని చూడండి. పెరుగు కొద్దిగా పెట్టవచ్చు, అది చాలా కుక్కలకు పడుతుంది.

మూడవది అరుదు గాని చెప్పక తప్పదు. క్లోమగ్రంథి జీర్ణరసాలను తయారుచేయకపోతే తిన్నది అరగక అలాగే బయటికి వస్తుంది. అటువంటి కుక్క ఎంత తిన్నా ఎముకలు తేలి ఉంటుంది. మలం లేత రంగులో, జిడ్డుగా, కుప్పలుగా వస్తుంది. అందులో ఇంకా ఆహారం ఉంటుంది గనుక కుక్క దాన్ని తిరిగి తింటుంది. జర్మన్ షెపర్డ్ జాతిలో ఇది ఎక్కువ, చిన్న జాతులలో తక్కువ. రక్తపరీక్షతో తెలుస్తుంది. జీర్ణరసాల పొడి ప్రతి ముద్దలో కలిపి జీవితాంతం పెట్టాలి, చాలా వాటికి బి12 కూడా ఇవ్వవలసి వస్తుంది. ఖర్చుతో కూడిన పని, అయినా సరిగా చేస్తే కుక్క కోలుకుంటుంది.

మీకు కాదు గాని, పెద్ద వయసు కుక్కలు ఉన్న పాఠకులకు ఒక మాట. ఏనాడూ లేనిది ఎనిమిదేళ్ళ కుక్క హఠాత్తుగా మలం తినడం, విపరీతంగా తినడం, నీళ్ళు ఎక్కువగా త్రాగడం మొదలుపెడితే చక్కెర వ్యాధి వంటివి ఉన్నాయేమో చూపించాలి. దురద తగ్గడానికి స్టెరాయిడ్ సూదులు వేయించినప్పుడు కూడా ఆకలి పెరిగి ఇలా తినవచ్చు.

ఏమి పెట్టాలి

కుక్క మాంసాహారి గనుక అన్నం విషమని ఈ మధ్య కొందరు చెబుతున్నారు. అది సరికాదు. మనిషి చెంత వేల ఏళ్ళు బ్రతికిన కుక్కకు గంజి పదార్థాలను అరిగించుకొనే శక్తి తోడేలు కంటే ఎక్కువగా వచ్చిందని 2013లో స్వీడన్ పరిశోధకులు జన్యువులను పరిశీలించి చూపించారు. అన్నం తప్పు కాదు. అన్నం ఒక్కటే పెట్టడం తప్పు.

విరేచనాలు ఉన్న నాలుగైదు రోజులు మెత్తగా ఉడికించిన అన్నం రెండు వంతులు, చర్మం, ఎముక, కొవ్వు తీసివేసి ఉడికించిన కోడిమాంసం ఒక వంతు కలిపి, ఉప్పు కారం లేకుండా, రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. కోడి లేని రోజు ఉడికించిన గుడ్డు. ఒక చెంచా ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు కలిపితే మలం గట్టిపడటానికి తోడ్పడుతుంది. మలం కుదిరిన తరువాత రోజుకు మూడుసార్లకు మార్చండి. వారం రోజులలో మెల్లమెల్లగా పాత తిండిని కొత్త తిండితో మార్చాలి. ఒక్క రోజులో మారిస్తే పొట్ట మళ్ళీ తిరగబడుతుంది. అన్నం, కోడి మాత్రమే నెలల తరబడి పెట్టినా సున్నం వంటివి చాలక ఎదిగే పిల్ల కాళ్ళు వంకరపోవచ్చు. కొనగలిగినవారు పిల్లలకు తయారుచేసిన పొడి ఆహారాన్ని సగమైనా కలపడం మంచిది. కొనలేనివారు డాక్టరుగారిని అడిగి సున్నపు మందు తీసుకోవాలి.

పెట్టకూడనివి కొన్ని గట్టిగా గుర్తుంచుకోండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగలగొడతాయి. మనం మిగిలినది పెడుతున్నామని వేసే సాంబారు, కూర, బిరియానీ అన్నింటిలోనూ అవే. వండిన ఎముకలు పేగుకు గ్రుచ్చుకుంటాయి, లేదా మలం సున్నపురాయిలా బిగిసిపోతుంది. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను చెడగొడతాయి. చిన్న కుక్కకు కొద్దిపాటి కిస్‌మిస్ కూడా ప్రమాదమే గనుక క్రిస్మస్ కేకు ముక్క పిల్లలు దాని నోట పెట్టకుండా చూడాలి. చాక్లెట్టు కూడా అంతే. పండుగనాడు మాంసపు కొవ్వు గిన్నె నాకించడం ఇంకొకటి. కొవ్వు ఎక్కువైతే కొన్ని చిన్న కుక్కలకు క్లోమం వాచి, నడుము విల్లులా వంచి, ఆగకుండా కక్కుతాయి. జనవరి మొదటి వారంలో పశువైద్యశాలకు వచ్చే బొచ్చుకుక్కలను అడిగితే డిసెంబరులో ఎవరింట ఏమి వండారో చెబుతాయి!

మన మందుల డబ్బాలోని మాత్రలు వేయకండి. పారాసిటమాల్, నొప్పి మాత్రలు, విరేచనాలు కట్టే మాత్రలు చిన్న కుక్కకు ప్రాణాంతకం కావచ్చు.

ఎప్పుడు ఆగకూడదు

చిన్న ఒంటిలో నీరు తక్కువ. పెద్ద కుక్క రెండు రోజులు తట్టుకొనే విరేచనాలు దీన్ని ఒక్క పూటలో పడగొడతాయి. మెడ మీద చర్మం లాగి వదిలితే వెంటనే వెనుకకు పోవాలి. మెల్లగా దిగితే ఒంట్లో నీరు ఆరిపోయిందని అర్థం. చిన్న జాతి పిల్లలు చాలాసేపు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతాయి, వణుకుతాయి, ఫిట్స్ కూడా వస్తాయి. అటువంటప్పుడు పంచదార పాకం వేలితో చిగుళ్ళకు రాసి, అదే చేతితో ఆసుపత్రికి బయలుదేరండి. గొంతులో పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతుంది. పెద్ద కుక్కలను ఒక పూట పస్తు ఉంచడం పాత పద్ధతి. చిన్న పిల్లలను మాత్రం పస్తు పెట్టవద్దు.

నీచువాసన వేసే రక్త విరేచనాలు, ఆగని వాంతులు, కుక్క మూలకు చేరి ముడుచుకొని పడుకోవడం ఇవి కనబడితే పార్వో అనే వైరస్ జబ్బేమోనని భయపడాలి. 1978 ప్రాంతంలో లోకమంతటా వ్యాపించిన ఈ జబ్బు టీకా వేయని పిల్లలను రెండు మూడు రోజులలో చంపుతుంది. ఇది మలం ద్వారానే అంటుకుంటుంది, మట్టిలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది. అందుకే, టీకాలు పూర్తికాని పిల్ల వీధిలో ఇతర కుక్కల మలం మూతిపెట్టడం తన మలం తినడం కన్నా ఎంతో ప్రమాదకరం. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తరువాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు వరకు వేయించాలి. సహోదరీ, మీరు టీకాల సంగతి వ్రాయలేదు. అమ్మినవారు "అన్నీ అయిపోయాయి" అన్న మాటను నమ్మకుండా చీటీ అడగండి. చీటీ లేకపోతే వేయనట్టే లెక్క.

మేకల పెంటికలు, కోళ్ళ రెట్ట

పెంటికలు తినడం చాలా కుక్కలు చేసే పనే, కొద్దిగా తింటే పెద్దగా ఏమీ కాదు. కానీ పశువులకు, మేకలకు నట్టల మందు పోసిన కొన్ని రోజులు పేడలో ఆ మందు మిగిలి ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ వంటి మందు కోలీ జాతి కుక్కలకు, వాటి సంకరాలకు ఆ కొద్ది మోతాదులో కూడా మెదడుకు ఎక్కవచ్చు. మీ జాతికి ఆ భయం అంతగా లేకపోయినా, మందు పోసిన వారం కుక్కను కట్టివేయండి. కోళ్ళ రెట్టలో విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి కుక్కనోటి నుండి మనకు కూడా రావచ్చు. గూటి చుట్టూ తడిక కట్టడం ఒక్కపూట పని.

పసిబిడ్డలు ఉన్న ఇళ్ళలో కొత్తగా వచ్చిన చిక్కు ఒకటి ఉంది. వాడిన డైపర్లను పెరట్లో విసురుతారు. కుక్క మలం కోసం వాటిని చింపి, లోపలి పదార్థాన్ని మింగుతుంది. అది నీరు పీల్చి ఉబ్బి పేగుకు అడ్డం పడవచ్చు. మూత ఉన్న డబ్బాలో వేయండి.

అలవాటు మాన్పించడం

మిరియాల పొడి, అనాసపండు, బొప్పాయి, వెనిగరు, ఇలా ఎన్నో చెబుతారు. మలం మీద కారం చల్లితే కుక్క ఆ ఒక్క కుప్పను వదిలి రెండవదాన్ని తింటుంది. దుకాణాలలో ఇందుకోసమే అమ్మే పొడులు, మాత్రలు కూడా ఉన్నాయి. నేను పైన చెప్పిన 2018 పరిశీలనలో అటువంటి పదకొండు సరుకుల సంగతి అడిగితే, నూటికి రెండుకు మించి ఏదీ ఫలించలేదు. నాకు వాటి మీద నమ్మకం లేదు. ఆ డబ్బుతో గుడ్లు కొనండి.

మూతిని మలానికి రుద్ది కొట్టడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిన వైద్యం. దానివలన కుక్క నేర్చుకొనేది ఒక్కటే: మలం కనబడితే యజమాని కొడతాడు, కాబట్టి వారు చూడకముందే త్వరగా మింగివేయాలి. మీ బుజ్జిది మిమ్మల్ని చూడగానే హడావుడిగా మింగుతున్నదని వ్రాశారు గదా, అది ఇందువలననే అయి ఉండవచ్చు. కేకలు వేసి వెంటబడితే కొన్ని కుక్కలు ఆటగా కూడా తీసుకుంటాయి.

పనిచేసేది చాలా సాదా పద్ధతి. దొరకకుండా చేయడం. ఉదయం లేవగానే, ప్రతి తిండి తరువాత పావుగంటకు, పడుకొనే ముందు తాడు కట్టి మీరే ఒక చోటుకు తీసుకువెళ్ళండి. మలవిసర్జన కాగానే, అది వెనుకకు తిరిగేలోపే పేరు పెట్టి పిలిచి చేతిలో ఉడికించిన కోడిముక్క ఒకటి పెట్టండి. అది మీ వైపు వచ్చి తింటున్నప్పుడు మరొకరు మలాన్ని పారతో ఎత్తి గోతిలో వేసి మన్ను కప్పాలి. కొన్ని వారాలు ఇలా చేస్తే, పని కాగానే వెనుకకు కాదు, మీ ముఖం వైపు చూడటం నేర్చుకుంటుంది. ఈ పని ఎనిమిదేళ్ళ అబ్బాయికి అప్పగించవచ్చు, ఎత్తే పని మాత్రం పెద్దలది.

దీనితోపాటు "వదులు" అనే మాట నేర్పండి. మూసిన గుప్పిట్లో రొట్టెముక్క పెట్టి దాని ముందు ఉంచండి. అది నాకుతుంది, గీరుతుంది. ఎప్పుడైతే మూతి వెనుకకు తీసిందో ఆ క్షణాన "వదులు" అని, రెండవ చేతితో అంతకన్నా మంచి ముక్క పెట్టండి. రోజుకు ఐదేసి నిమిషాలు చాలు. ముక్క నేల మీద పెట్టినా ముట్టకుండా ఉన్నాక, పెరట్లో ప్రయత్నించండి. మొదటి రోజే మలం దగ్గర ఆ మాట అంటే పనిచేయదు.

పగలంతా స్తంభానికి కట్టిపడేసిన కుక్కకు తోచక కూడా ఈ పని మొదలవుతుంది. సాయంత్రం అరగంట నడక, తాడుతో లాగుడు ఆట, ఎండు కొబ్బరిపీచు ముద్దలో తిండి గింజలు దాచి వెదికించడం వంటివి పెట్టండి. పీచు మింగకుండా దగ్గర ఉండి చూడండి.

అత్తగారి మాటలో న్యాయం

ఇప్పుడు అసహ్యం సంగతి. కుక్క ఏలికపాము గుడ్లు తాజా మలంలో ఉన్నప్పుడు అంటుకోవు. మట్టిలో రెండు మూడు వారాలు ఉంటేనే అవి మనిషికి హానిచేసే స్థితికి వస్తాయి. అందుకే మలం ఏ రోజుకారోజు ఎత్తివేయడం అంత ముఖ్యం. మట్టిలో ఆడిన పిల్లలు ఆ చేతితోనే తింటే గుడ్లు కడుపులోకి పోయి, పురుగులు కాలేయంలోను, కొందరిలో కంటిలోను చేరి చూపు పోగొట్టిన సందర్భాలు ఉన్నాయి.

అంతకన్నా జాగ్రత్తపడవలసినది మరొక చిన్న బద్దెపురుగు. కబేళాలోను, పెండ్లి వంటల దగ్గర పారవేసే గొర్రె, పశువుల ఊపిరితిత్తులు, కాలేయంలో ఒక్కోసారి నీటిబుడగల్లాంటి తిత్తులు ఉంటాయి. అవి పచ్చిగా తిన్న కుక్క పేగులో ఈ పురుగు పెరుగుతుంది. దీని గుడ్లు మలంలో బయటపడ్డ క్షణం నుండే అంటుకొనే శక్తి కలవి. మలం తిన్న మూతితో కుక్క పసిబిడ్డ ముఖం నాకితే గుడ్లు నోటిలోకి పోవచ్చు. ఏళ్ళు గడిచాక మనిషి కాలేయంలోను ఊపిరితిత్తులలోను పెద్ద తిత్తులు పెరిగి ఆపరేషను దాకా పోతుంది. కాబట్టి పచ్చి మాంసపు వ్యర్థాలు కుక్కకు వేయకూడదు. ముఖం నాకనివ్వకూడదు. అన్నానికి ముందు, కుక్కను ముట్టిన తరువాత సబ్బుతో చేతులు కడగాలి. వంటగదికి దానికి హద్దు పెట్టండి. అత్తగారికి ఈ నియమాలు ఖచ్చితంగా పాటిస్తామని మాట ఇస్తే, ఆమె ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఒక ప్రమాదపు గుర్తు కూడా చెప్పాలి. ఎప్పుడూ లేనిది కుక్క ఉన్నట్టుండి కర్రలు, రాళ్ళు, మట్టి, మలం ఆత్రంగా కొరుకుతూ, చీకటిలో దాక్కుంటూ, గొంతు మారి, చొంగ కారుస్తూ, తనవారినే కరవబోతే అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చు. గొంతులో ఎముక అడ్డుపడిందనుకొని నోట్లో చేయి పెట్టవద్దు. దూరం నుండే గదిలో మూసి పశువైద్యాధికారికి చెప్పాలి. కరచినా, గీరినా, చొంగ పుండుకు తగిలినా సబ్బు నీటితో పావుగంట కడిగి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి సూదులు వేయించుకోవాలి. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు దాదాపు బ్రతుకు లేదు. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ పైన డాక్టరుగారు చెప్పిన గడువులో తప్పక వేయించాలి. ప్రతి జులై 6న చాలా ప్రభుత్వ పశువైద్యశాలలలో ఈ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి ఈ టీకా వేసిన రోజు అది.

డాక్టరుగారి దగ్గరకు వెళ్ళేటప్పుడు

నట్టల మందు వేయకముందే మలం పరీక్ష చేయించండి. ఆ ఉదయం పడిన మలంలో మన్ను అంటని భాగాన్ని పుల్లతో తీసి, కడిగి ఆరబెట్టిన మూత డబ్బాలో ఉసిరికాయంత వేస్తే చాలు. ఎండలో పెట్టకుండా కొద్ది గంటలలో అందజేయండి. ముందు రోజు కుక్కను కట్టి ఉంచండి. ఎందుకంటే మేక పెంటికలు తిన్న కుక్క మలంలో మేక పురుగుల గుడ్లు అరగకుండా బయటికి వచ్చి, పరీక్ష చేసేవారిని తికమకపెడతాయి. ఏమి తిండి, ఎన్నిసార్లు, విరేచనం రంగు, కక్కిన వేళలు ఒక కాగితం మీద మూడు రోజులపాటు వ్రాసుకొని తీసుకువెళ్ళండి. ఫోనులో విరేచనం ఫోటో తీసినా డాక్టరుగారు ఏమీ అనుకోరు. వారికి కావలసినది అదే. ఒక్కసారి పరీక్షలో గుడ్లు కనబడకపోతే నట్టలు లేవనుకోకండి, అవి రోజూ గుడ్లు పెట్టవు. వారం తిరిగాక మరొకసారి చూపించండి.